ఎముకకు పాకిందన్నారు... ఇక అంతేనా?

సందేహాలు – సమాధానాలు

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు చేరిందని తెలిసి, లేదా చేరిందేమోనన్న భయంతో గోదావరి జిల్లాల నుంచి రాసినవారికి ఈసారి సమాధానాలు. పేర్లు తీసేశాం, ఊళ్లు ఉంచాం.

మా నాన్నగారికి 71 ఏళ్లు. మూత్రం సరిగ్గా రావడం లేదని చూపిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. బోన్ స్కాన్‌లో వెన్నుపూసల్లోనూ తుంటి ఎముకలోనూ మచ్చలున్నాయట. అంటే ఎముకల క్యాన్సర్ కూడా వచ్చినట్టా? చూడ్డానికొచ్చిన వాళ్లంతా బోన్ క్యాన్సరైతే నెలలే అంటున్నారు.
– ఒక కూతురు, తణుకు

ముందు కాస్త స్థిమితపడండమ్మా. మీ నాన్నగారికి ఉన్నది రెండు జబ్బులు కాదు, ఒక్కటే. ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన కణాలే ఎముకకు చేరాయి. అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షించినా కనిపించేవి ప్రోస్టేట్ కణాలే. దీన్ని బోన్ మెటాస్టాసిస్ అంటారు. ఎముకలోనే పుట్టే క్యాన్సర్ వేరు, అది అరుదు, దాని వైద్యమూ వేరు. మీ నాన్నగారి జబ్బును పూర్తిగా తీసేయలేమన్న మాట నిజమే. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే మందులు ఎముకలోని కణాల మీదా పనిచేస్తాయి, చాలామంది ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకుంటూ ఉంటారు.

మూత్రాశయం కింద ఎక్కడో ఉండే చిన్న గ్రంథి. అక్కడి జబ్బు పనిగట్టుకుని వెన్నెముకకే ఎందుకు పోతుంది? సైన్సు మాస్టారిగా చేసి రిటైరయ్యాను, కాస్త వివరంగా చెప్పినా ఫర్వాలేదండి.
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం

మాస్టారూ, ఈ ప్రశ్న వైద్యులు నూట ముప్పై ఏళ్లుగా వేసుకుంటున్నదే. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన వందలాది మంది రికార్డులు తిరగేసి, జబ్బు ఎక్కడపడితే అక్కడికి పాకదని 1889లో రాశారు. విత్తనాలు నాలుగు దిక్కులా కొట్టుకుపోతాయి గానీ మొలిచేది తగిన నేలలోనే అన్నది ఆయన మాట. డెల్టాలో ఉన్న మీకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ప్రోస్టేట్ కణాలకు ఆ నేల ఎర్రమూలుగ. పెద్ద వయసులో అది ముఖ్యంగా వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో, పక్కటెముకల్లో, తొడ ఎముక పైభాగంలో మిగిలి ఉంటుంది. స్కాన్‌లో మచ్చలు ఎక్కువగా కనిపించేదీ అక్కడే.

ఇక దారి. కటి భాగంలోని సిరలకూ వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరలకూ నేరుగా సంబంధం ఉందనీ, వాటిలో రక్తాన్ని ఒకే వైపు నడిపించే కవాటాలు లేవనీ అమెరికాలో అనాటమీ చెప్పిన ఆస్కార్ బాట్సన్ 1940లో చూపించారు. కడుపులో ఒత్తిడి పెరిగినప్పుడల్లా కొంత రక్తం వెన్ను వైపు మళ్లుతుంది, దానితో కొన్ని కణాలూ వెళ్తాయి. (దగ్గడం వల్లే పాకిందని మాత్రం ఎవరూ బాధపడకండి, ఈ రక్తప్రసారం మనందరిలోనూ రోజూ జరిగేదే.) అక్కడ నిలదొక్కుకున్న కణాలు ఎముకను కట్టే కణాలను రెచ్చగొడతాయి. కొత్త ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనిపించినా దానిలో బలం ఉండదు, అందుకే నొప్పి, అందుకే విరిగే ప్రమాదం. కాలేయానికి, ఊపిరితిత్తులకు కూడా కొందరిలో పాకుతుంది గానీ ఎముకలకు పాకినంత తరచుగా కాదు.

మా ఆయనకి 62. రొయ్యల చెరువు మీద పని. రెండు నెలల్నించి నడుం ఒకటే పీకుడు. మా బంధువు ఒకాయనకి ఇలాగే మొదలై చివరికి ప్రోస్టేట్ అని తేలింది. అప్పట్నించీ నాకు నిద్ర లేదండి.
– ఒక ఇల్లాలు, పాలకొల్లు

మీ భయం నాకర్థమైందమ్మా, కానీ ఆ వయసులో, ఆ పనిలో వచ్చే నడుం నొప్పుల్లో చాలా భాగం కండరాలవీ, అరిగిన పూసలవీ. మామూలు నొప్పి పని చేస్తే ఎక్కువై, నడుం వాల్చగానే సర్దుకుంటుంది. పడుకున్నా తగ్గకుండా రాత్రి నిద్ర లేపేస్తుంటే, వారం వారం పెరుగుతుంటే, ఒళ్లు తగ్గిపోతుంటే, మూత్రం ఇబ్బంది తోడైతే మాత్రం ఒక ఎక్స్‌రే, పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించండి. నొప్పికి కారణం తేలేదాకా గట్టి మాలిష్‌లు, నాటు కట్లు వద్దు. ఎముక బలహీనంగా ఉంటే ఆ పట్టుకే విరగొచ్చు.

పీఎస్‌ఏ 6.8 వచ్చింది. నాలుగు దాటకూడదంట కదా. ఎముకల్లోకి వెళ్లిపోయిందేమో అని అన్నం సయించడం లేదు.
– ఒక రైతు, మండపేట

అన్నం తినండి, ముందు ఆ పని చేయండి. పీఎస్‌ఏ ప్రోస్టేట్ తయారుచేసే ప్రొటీనే. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య గొట్టం వేసినా పెరుగుతుంది. ఆ అంకెలో ఒకవేళ క్యాన్సర్ ఉన్నా, ఎముకకు పాకి ఉండటం అరుదు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చూస్తారు, అప్పటికీ ఎక్కువే ఉంటే ఎంఆర్‌ఐ, అవసరమైతే బయాప్సీ. వయసుతో పెరిగే మామూలు వాపు క్యాన్సర్‌గా మారదని కూడా గుర్తుంచుకోండి.

బయాప్సీ రాశారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. సూది తగిలితే రేగి ఒళ్లంతా పాకేస్తుందని ఊళ్లో అందరూ అంటున్నారు.
– ఒక కొడుకు, రావులపాలెం

అమ్మగారి భయం ప్రేమలోంచి వచ్చింది, విసుక్కోకండి. బయాప్సీ వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకదు. పరీక్ష నాటికే జబ్బు ముదిరి ఉన్నవాళ్లను చూసి ఆ మాట పుట్టింది. తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో కాస్త రక్తం కనిపించడం మామూలే. చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మావయ్యగారికి బోన్ స్కాన్ చేశారు. ఒంట్లోకి రేడియేషన్ ఎక్కించారట, ఇంట్లో పదినెలల బాబున్నాడు. పైగా మోకాళ్లు, భుజం దగ్గర కూడా మచ్చలని రాశారు. అక్కడికీ పాకిందా?
– ఒక కోడలు, కాకినాడ

బాబు గురించి దిగులొద్దమ్మా. స్కాన్‌కి ఇచ్చే టెక్నీషియం మందు శక్తి ప్రతి ఆరు గంటలకూ సగానికి పడిపోతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. ఆ రోజు ఆయన నీళ్లు బాగా తాగి, పసివాణ్ని ఎక్కువసేపు ఒళ్లో పెట్టుకోకుండా ఉంటే చాలు, మర్నాడు ఎత్తుకోవచ్చు. ఎముక ఎక్కడ చురుగ్గా మరమ్మతు జరుపుకుంటుంటే అక్కడ ఆ మందు చేరుతుంది, అంటే అరిగిన మోకాళ్లలోనూ, పాత దెబ్బల దగ్గరా కూడా. మచ్చ పడిన చోటల్లా క్యాన్సర్ కాదు, అనుమానం ఉన్నచోట ఎక్స్‌రేతోనో ఎంఆర్‌ఐతోనో పోల్చి తేలుస్తారు.

నాన్నకి రెండేళ్లుగా ప్రోస్టేట్ జబ్బు, వెన్నులో ఉందని తెలుసు. నాలుగు రోజుల్నించి కాళ్లు బరువెక్కాయంటున్నారు, నడుస్తుంటే తూలుతున్నారు, నిన్నట్నుంచి మూత్రం సరిగ్గా రావడం లేదు. మాది లంక ఊరు, రేవు దాటాలి. వచ్చే సోమవారం ఓపీకి తీసుకెళ్తే సరిపోతుందా?
– ఒక కొడుకు, కోనసీమ

సరిపోదు బాబూ. అందుకే ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేయించాం. ఇంకో ఇంట్లో ఇదే జరుగుతుంటే వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. వెన్నుపూసలో పెరిగిన జబ్బు లోపలి వెన్నుపామును నొక్కుతున్నప్పుడు ఇలా అవుతుంది. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి ఇది. కాళ్లలో కొత్తగా బలం తగ్గడం, తిమ్మిరి పాదాల నుంచి పైకి ఎక్కడం, మలమూత్రాలు ఆగడమో తెలియకుండా పోవడమో, నడుం చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి రావడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే బయల్దేరాలి.

తెల్లారేదాకా, పడవ దొరికేదాకా అనుకోకండి, 108కి ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి. కూర్చోబెట్టి కుదుపుల్లో తీసుకెళ్లకుండా వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లండి. ఎంఆర్‌ఐ, రేడియేషన్ రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లడం మేలు. వెన్నుపాము వాపు తగ్గించే స్టెరాయిడ్ ముందు ఇస్తారు, ఆపైన రేడియేషనో ఆపరేషనో. అడుగులు వేయగలిగిన స్థితిలో వైద్యం అందినవాళ్లలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా చచ్చుబడి ఒకట్రెండు రోజులు దాటితే తిరిగి రావడం కష్టం. పాత రిపోర్టులు వెతుకుతూ కూర్చోవద్దు, అవి వెనకాల ఎవరైనా తెస్తారు.

నాకు 68. వృషణాలు తీసేస్తే జబ్బు తగ్గుతుందంటున్నారు. ఇంజెక్షన్లు కూడా ఉన్నాయట. ఈ వయసులో అదేం పని అని మనసు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఎవరితోనూ అనలేకపోతున్నాను.
– ఒక పెద్దాయన, కొవ్వూరు

మీరు ఈ మాట కాగితం మీద పెట్టడమే మంచిపని చేశారు. ప్రోస్టేట్ కణాలు పెరగడానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కావాలి. దాన్ని తగ్గిస్తే ఎముకలో ఉన్నవి కూడా అణిగిపోతాయని చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు, ఆ పనికే 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆపరేషన్ చిన్నది, ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ, హార్మోన్ గంటల్లో పడిపోతుంది. ఇంజెక్షన్లు నెలకో మూడు నెలలకో జీవితాంతం వేయించుకోవాలి, వాటి ఫలితమూ అంతే. కొన్ని రకాల ఇంజెక్షన్లు మొదటి వారాల్లో హార్మోన్‌ను కాస్త పెంచి తర్వాత తగ్గిస్తాయి, అందుకని ముందు కొన్నాళ్లు మాత్రలిస్తారు. వాటిని మానకండి, వెన్నులో జబ్బు ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. ఏది ఎంచుకున్నా కోరిక తగ్గడం, ఒంట్లోంచి ఆవిర్లు రావడం, నీరసం ఉంటాయి. ఆ ఆవిర్లు ఎలా ఉంటాయో మీ ఇల్లాలికి తెలిసే ఉంటుంది, ముట్లుడిగే రోజుల్లో ఆవిడ పడ్డవే అవి. ఆవిడతో చెప్పండి. మీ మనసు ఏ దారికి ఒప్పుకుంటే అదే మీకు సరైంది.

హార్మోన్ మందు మొదలుపెట్టి మూడు నెలలైంది. పీఎస్‌ఏ 240 నుంచి 9కి దిగింది. కానీ కొత్త స్కాన్‌లో రెండు మచ్చలు ఎక్కువ కనిపిస్తున్నాయట. మందు పనిచేయనట్టేనా?
– ఒక పాఠకుడు, నిడదవోలు

పీఎస్‌ఏ అంతలా దిగిందంటే మందు బాగా పనిచేస్తున్నట్టే. వైద్యం అందిన తొలి నెలల్లో ఎముక తనను తాను బాగుచేసుకుంటూ చురుగ్గా ఉంటుంది. ముందు కంటికి ఆనని చిన్న మచ్చలు ఆ సమయంలో తేలి కనిపిస్తాయి. రక్తపరీక్షలో ఎముక చురుకుదనాన్ని సూచించే ఏఎల్‌పీ కూడా ఇలాగే కొన్నాళ్లు పెరగొచ్చు. పీఎస్‌ఏ వరుసగా పెరుగుతుంటేనో, నొప్పి ఎక్కువవుతుంటేనో అప్పుడు ఆలోచించాలి.

కీమో కూడా పెడతామన్నారు. కీమో అంటే ఇక మనిషి మిగలడు అని మా వాళ్ల భయం.
– ఒక తమ్ముడు, భీమవరం

క్యాన్సర్ మందుల చరిత్రలో మీ ఊరి బిడ్డ పేరుందని మీ వాళ్లకు చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినాప్టెరిన్‌తోనే లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా అణిగిందని 1948లో లోకానికి తెలిసింది. దాని తర్వాతి రూపం మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుతున్నాం. మీ అన్నగారికి ఇచ్చేది అది కాదు, డోసిటాక్సెల్. మూడు వారాలకోసారి, సాధారణంగా ఆరు విడతలు. జుట్టు రాలుతుంది, నీరసం ఉంటుంది, ఇవి తిరిగి సర్దుకునేవే. భయపడాల్సింది జ్వరానికి: కీమో పెట్టిన రెండు వారాల్లోపు ఒళ్లు వేడెక్కితే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకుండా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉండొచ్చు.

తుంటి నొప్పికి పది రోజులు కరెంటు పెడతారనుకున్నాం. ఒక్కసారి పెట్టి పంపేశారు. నొప్పి ఇంకాస్త ఎక్కువైంది. డబ్బుల్లేవని చిన్నచూపు చూశారా?
– ఒక పాఠకురాలు, తుని

అలా అనుకోకండమ్మా. ఎముక నొప్పికి ఒకే విడతగా ఇచ్చే 8 గ్రే రేడియేషన్, పది రోజులు ఇచ్చినంతగానే నొప్పి తగ్గిస్తుందని ఎన్నో దేశాల్లో పరీక్షించి తేల్చారు. కొందరికి తర్వాత మళ్లీ పెట్టాల్సి రావొచ్చు, పెట్టొచ్చు కూడా. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగడం మామూలే, పూర్తి ఫలితం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా ఆ కాలు మీద బరువు వేయగానే నొప్పి చురుక్కుమంటుంటే మాత్రం ఎక్స్‌రే తీయించండి, తొడ ఎముక విరగకముందే రాడ్ వేయడం మేలు.

ఎముకలకి బలం ఇంజెక్షన్ వేయాలి, ముందు పళ్లు చూపించుకు రమ్మన్నారు. ఎముకల జబ్బుకి పళ్ల డాక్టరెందుకు?
– ఒక పాఠకుడు, రామచంద్రపురం

మంచి డాక్టరే దొరికారు మీకు. జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ అనే ఈ మందులు ఎముక కరగడాన్ని ఆపి విరగకుండా కాపాడతాయి. అరుదుగా, మందు నడుస్తుండగా పన్ను పీకితే ఆ గాయం మానక దవడ ఎముక దెబ్బతింటుంది. అందుకే పీకాల్సినవి ముందే పీకించేయాలి. జోలెడ్రోనిక్ వేసే ప్రతిసారీ మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు, కాల్షియం, విటమిన్ డి మాత్రలు మానకూడదు. ఇంజెక్షన్ రోజు రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతాయి.

ఊళ్లో ఆర్‌ఎంపీగారు రోజూ నొప్పి ఇంజెక్షన్ ఇస్తున్నారు, ఆ రెండు గంటలే హాయి. పెద్దాసుపత్రిలో మార్ఫిన్ రాశారు. అది మత్తుమందు, అలవాటైపోతుంది, ఆఖరి రోజుల్లో ఇచ్చేదని కొనలేదు.
– ఒక కొడుకు, రాజోలు

మీ నాన్నగారు అనవసరంగా బాధపడుతున్నారు, దయచేసి ఇవాళే మార్ఫిన్ మొదలుపెట్టించండి. రోజూ వేసే డైక్లోఫినాక్ లాంటి ఇంజెక్షన్లే నిజానికి ప్రమాదం, ప్రోస్టేట్ వల్ల ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న మూత్రపిండాలను అవి దెబ్బతీస్తాయి. ఆర్‌ఎంపీగారు మీ మేలు కోరే చేస్తున్నారు, ఈ సంగతి ఆయనకూ చెప్పండి. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో మార్ఫిన్ తీసుకునేవాళ్లు మత్తుకు బానిసలైపోవడం చాలా అరుదు, ఆయుష్షు తగ్గదు, ఆఖరి రోజులకని దాచుకునే మందూ కాదు. నొప్పితో మూలుగుతున్న రోగులకు ఇలాంటి మందులు సులువుగా అందాలనే 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించారు. మలబద్ధకం మాత్రం తప్పదు, మొదటి రోజు నుంచే విరేచనం మందు కలిపి వాడాలి. మనిషిని లేపినా లేవనంత మగతగా ఉంటే, ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాంసం, పాలు, తీపి అన్నీ మాన్పించేశాం. పులస దొరికే రోజులు, నోరూరుతోందని అడుగుతున్నారు. పెట్టొచ్చా?
– ఒక కోడలు, నరసాపురం

పెట్టండమ్మా, ముల్లు తీసి పెట్టండి. పథ్యంతో ఈ జబ్బు తగ్గదు, చిక్కిపోయిన మనిషి మందుల్ని తట్టుకోలేడు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, పప్పు అన్నీ కావాలి. ఒక్క జాగ్రత్త: మగ హార్మోన్‌ను ఇంకా అణిచే అబిరాటెరోన్ మాత్ర రాసి ఉంటే అది పరగడుపునే వేయాలి, భోజనంతో కలిపితే రక్తంలోకి మోతాదు మించి చేరుతుంది. షుగరున్నవాళ్లు తీపి సంగతి షుగర్ డాక్టర్‌నే అడగాలి.

ఇప్పటికే రెండెకరాలు తాకట్టు పెట్టాం. ఇంకెంత అవుతుంది?
– ఒక పాఠకుడు, ఆచంట

మిగిలిన పొలం జోలికి పోకముందు ఒక పని చేయండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రిలోని పథకం డెస్కు దగ్గరికి వెళ్లండి, మందులన్నీ వర్తిస్తాయా లేదా మొదలుపెట్టకముందే అడగండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి, రాజానగరం జీఎస్‌ఎల్, విశాఖ అగనంపూడిలోని టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు అందుబాటులో ఉన్నవి.

నేను కువైట్‌లో డ్రైవర్‌ని, నాకు 46. నాన్నకి ఎముకల దాకా పాకింది. నాకూ వస్తుందా?
– ఒక కొడుకు, కువైట్ (సొంతూరు మలికిపురం)

తండ్రికో అన్నదమ్ములకో ఉంటే వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే రెట్టింపు దాకా ఉంటుంది, అంతే తప్ప తప్పకుండా వస్తుందని కాదు. మీ వయసు నుంచి పీఎస్‌ఏ చూపించుకోవచ్చు, సెలవుపై ఇంటికొచ్చినప్పుడు చేయించుకున్నా తొందరేమీ లేదు. నాన్నగారికి బీఆర్‌సీఏ జన్యుపరీక్ష చేయించే వీలుందేమో డాక్టర్‌ని అడగండి. అందులో తేడా ఉంటే ఆయనకు ఇంకో రకం మందు పనికొస్తుంది, మీ అక్కచెల్లెళ్లు రొమ్ము పరీక్షలు ముందుగానే మొదలుపెట్టుకోవచ్చు.

ఎన్నాళ్లుంటారండి? ఎవరూ సూటిగా చెప్పడం లేదు. ఆయనకైతే జబ్బు పేరే చెప్పలేదు, వాత నొప్పులని చెప్పి నెట్టుకొస్తున్నాం. తట్టుకోలేరని భయం.
– ఒక భార్య, పెనుగొండ

సూటిగానే చెబుతానమ్మా, కానీ ఇది అంచనా, ఆయన నుదుటి రాత కాదు. ఎముకలకు పాకి, తీవ్రత ఎక్కువగా ఉన్న రోగులతో లాటిట్యూడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. హార్మోన్ తగ్గించే వైద్యం ఒక్కటే అందినవాళ్లలో సగం మంది మూడేళ్లు దాటారు. దానికి అబిరాటెరోన్ కలిపినప్పుడు సగం మంది దాదాపు నాలుగున్నరేళ్లు దాటారు. మచ్చలు తక్కువగా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ కాలం ఉంటారు. మీవారి లెక్క ఏ వైపో మొదటి ఆరేడు నెలల్లో పీఎస్‌ఏ ఎంత దిగుతుందో చూస్తే కొంత తెలుస్తుంది.

చెప్పకపోవడం గురించి ఒక మాట. ఇంజెక్షన్లు, స్కాన్లు, వచ్చిపోయే చుట్టాల మొహాలు చూస్తున్న మనిషికి ఎంతో కొంత అర్థమయ్యే ఉంటుంది. మీరు బాధపడతారని ఆయనా అడగకుండా ఉండి ఉండొచ్చు. పైగా కాళ్లు తిమ్మిరెక్కితే అది వాతమనుకుని మీకు చెప్పకుండా ఊరుకుంటారు, నా అసలు భయం అది. ఒక్కసారిగా అంతా కుమ్మరించనక్కర్లేదు. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్లండి. "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని ముందు ఆయన్నే అడగమని డాక్టర్‌గారికి చీటీ రాసివ్వండి.